దూరంగా నిల్చుని దగ్గరగా తీసే లెన్సు

బీరువా పై అరలోనో, ట్రంకుపెట్టె అడుగునో ఉండే పాత ఫొటోలు ఒకసారి బయటికి తీసి చూడండి. కుర్చీల్లో మగవాళ్ళు, కింద చాప మీద పిల్లలు, వెనక వరసలో ఆడవాళ్ళు. పైట భుజాల నిండా కప్పుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వేస్తే ఎవరైనా తిడతారేమో అన్నట్టు నిలబడి ఉంటారు. ఒక్క మొహంలోనూ నవ్వుండదు. "ఆ రోజుల్లో వాళ్ళు అంత గంభీరంగా ఉండేవారు" అనేసుకుంటాం మనం.

వాళ్ళని ఎరిగినవాళ్ళు చెప్పేది వేరు. మా మామ్మ నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినపడేదట. మా అమ్మ ఇప్పటికీ ఆ నవ్వుని అనుకరించి చూపిస్తుంది. మామ్మకి ఉన్న ఒకే ఒక్క ఫొటోలో మాత్రం దాని ఆనవాలు కూడా లేదు. మరి ఆ నవ్వు ఎక్కడికి పోయినట్టు?

రెండేళ్ళ కిందట నేనొక సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనుక్కున్నాను. 85 మి.మీ., ఎఫ్ 1.8. మా విజయనగరంలో సిరిమాను రోజున పత్రికలవాళ్ళు చేతిలో చెయ్యంత పొడుగు లెన్సులు పట్టుకుని తిరుగుతారు కదా, ఇది వాటికి చిట్టి చెల్లెలు. అరచేతిలో పడుతుంది. జూమ్ ఉండదు. మొహం పెద్దగా రావాలన్నా చిన్నగా రావాలన్నా మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. ఇలాంటి లెన్సుల్ని ప్రైమ్ అంటారు. దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది కాబట్టి టెలీఫొటో. వెలుతురు ఎక్కువ లాక్కుని రెప్పపాటులో బొమ్మ తీసేస్తుంది కాబట్టి ఫాస్ట్. మొహాలు తీయడానికి ఇంతకంటే మంచిది లేదని చెప్తే కొన్నాను. అసలు మొహాల కోసమంటూ ఒక లెన్సు ఎందుకు పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే, చివరికి మా మామ్మ నవ్వు దగ్గరకే వచ్చి చేరాను. ఆ వెతుకులాటలో తెలిసినవి మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ఫొటో అనేది లోకానికి తెలిసింది 1839లో. ఫ్రాన్సులో డాగేర్ అనే ఆయన వెండి పూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడేలా చేశాడు. చెట్లూ మేడలూ బాగానే పడ్డాయి, అవి కదలవు కాబట్టి. మనుషులతోనే వచ్చింది చిక్కు. మంచి ఎండలో కూడా కొన్ని నిమిషాల పాటు, ఒక్కోసారి పావుగంట దాకా కదలకుండా కూర్చోవాలి. మెడ కదలకుండా తల వెనక ఇనప పట్టీ బిగించేవారు. పావుగంట సేపు నవ్వుమొహం పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. నవ్వు మొదట పెదాల మీద ఆరిపోతుంది, తర్వాత కళ్ళల్లో.

లోపం రేకులోనే కాదు, లెన్సులోనూ ఉంది. లెన్సు కిటికీ లాంటిది. ఓరగా తెరిస్తే గదిలోకి ఒక్క గీత వెలుగొస్తుంది, బార్లా తెరిస్తే గదంతా వస్తుంది. ఆ కిటికీ ఎంత తెరుచుకుంటుందో చెప్పే లెక్కే ఎఫ్ నంబరు. ఇది తిరకాసు లెక్క. నంబరు చిన్నదైన కొద్దీ కిటికీ పెద్దది. అప్పటి లెన్సులు సుమారు ఎఫ్ 16 దగ్గర ఉండేవి, అంటే కిటికీకి సందు మాత్రమే తెరిచినట్టు.

1840లో వియన్నాలో ఒక లెక్కల ప్రొఫెసరు దీని మీద కూర్చున్నాడు. పేరు జోసెఫ్ పెట్జ్‌వాల్. అంతకుముందు గాజు అరగదీసి, చూసి, మళ్ళీ అరగదీసి లెన్సులు చేసేవారు. ఈయన ముందు కాగితం మీద లెక్క కట్టాడు. లెక్కలు మరీ ఎక్కువైపోతే ఆస్ట్రియా సైన్యం ఫిరంగి దళంలో గణితం వచ్చినవాళ్ళని సాయం పంపారు. గుండు ఎక్కడ పడుతుందో లెక్క కట్టేవాళ్ళు వెలుగు ఎక్కడ పడుతుందో లెక్క కట్టారన్నమాట. వచ్చిన లెన్సు ఎఫ్ 3.6. పాత లెన్సుల కంటే దాదాపు 20 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఫోక్లెండర్ అనే సంస్థ దాన్ని తయారుచేసి అమ్మింది. నిమిషాల కూర్చోవడం కాస్తా ఒక నిమిషం లోపలికి దిగింది. మనుషుల మొహాల కోసమే లెక్కకట్టి చేసిన మొదటి లెన్సు అది. మధ్యలో ఉన్న మొహం స్పష్టంగా, అంచులకి పోయేకొద్దీ మెత్తగా పడేది. అది నిజానికి లోపమే. కానీ మొహానికి అందమిచ్చే లోపం కావడంతో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఇక్కడ మన లాంటి ఒకావిడ కథ చెప్పాలి. జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. పెళ్ళి, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు, పెద్ద సంసారం. తర్వాత ఇంగ్లండులో వైట్ ద్వీపంలో కాపురం. 1863లో ఆవిడకి 48 ఏళ్ళు. భర్త సింహళంలో కాఫీ తోటల దగ్గర ఉన్నాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అమ్మకి పొద్దుపోవడానికి ఉంటుందని కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. ఆవిడ బొగ్గుల కొట్టుని చీకటిగది చేసింది, కోళ్ళ గూటిని స్టూడియో చేసింది. పెట్జ్‌వాల్ పద్ధతిలో చేసిన ఫ్రెంచి లెన్సుతో పనిమనిషినీ, పక్కింటి పిల్లల్నీ, ఇంటికొచ్చిన కవుల్నీ అందర్నీ కూర్చోబెట్టి తీసింది. మొహం మాత్రమే, ఫ్రేము నిండా. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల బొమ్మ బాగా కుదిరితే దాన్నే తన తొలి విజయమని రాసుకుంది.

ఆనాటి పండితులు ఆవిణ్ణి వెక్కిరించారు. ఫోకస్ పెట్టడం రాదన్నారు, మరకలన్నారు. మొహంలో ఒక కన్ను స్పష్టంగా ఉండి, జుట్టూ భుజాలూ పొగమంచులో కలిసిపోయినట్టు ఉండడం వాళ్ళకి తప్పుగా కనపడింది. ఇప్పుడు ఆ మెత్తదనం కోసమే మనం డబ్బు పోసి పెద్ద కిటికీ లెన్సులు కొంటున్నాం, ఫోనులో పోర్ట్రెయిట్ అని మీట నొక్కుతున్నాం. కోళ్ళ గూట్లో ఒక ఇల్లాలు మొదలుపెట్టిన పని ఇది.

మన వైపుకి వద్దాం. ఫొటో మన దేశానికి తొందరగానే వచ్చింది గానీ మన ఆడవాళ్ళ దగ్గరకి రావడానికి ఇంకో అడ్డం ఉంది. కెమెరా వెనక పరాయి మగవాడు. ఘోషా ఉన్న ఇళ్ళల్లో అది కుదరని పని. హైదరాబాదులో ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉన్న లాలా దీన్ దయాళ్ దీనికొక దారి చూశాడు. 1892లో ఆడవాళ్ళ కోసం విడిగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడలు, లోపల అంతా ఆడవాళ్ళే. నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. 130 ఏళ్ళ కిందట ఒక వ్యాపారస్థుడికి అర్థమైన సంగతి చూడండి. మొహంలో ఏం కనిపిస్తుందన్నది లెన్సొక్కటే తేల్చదు. ఎదురుగా ఎవరు నిలబడ్డారు, ఎంత దగ్గరగా నిలబడ్డారు అన్నది కూడా తేలుస్తుంది.

అది నవాబుల సంగతి. మా విజయనగరం సంగతి తెలియాలంటే కన్యాశుల్కం చాలు. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ పెంచి మళ్ళీ వేశారు. మనం చదువుకునే పుస్తకంలో గిరీశం దగ్గరకి బాకీ వసూలుకి వచ్చేవాళ్ళల్లో ఫొటోగ్రాఫు పంతులు నౌకరు ఒకడు. అంటే ఆ రోజులకే మా ఊళ్ళో ఫొటో తీయించుకోవడం, డబ్బులెగ్గొట్టడం రెండూ ఉన్నాయన్నమాట. నవ్వుకుంటూ చదువుతాం. నాకు మాత్రం ఆ చోటుకి వచ్చినప్పుడల్లా బుచ్చమ్మ గుర్తొస్తుంది. గిరీశం లాంటివాడు అప్పు చేసి ఫొటో తీయించుకున్నాడు. చిన్నతనంలోనే విధవలైన బుచ్చమ్మలకీ మీనాక్షులకీ ఆ రోజుల్లో ఎవరు ఫొటో తీయించి ఉంటారు? నాటకంలో వాళ్ళు బతికారు. నిజం ఇళ్ళల్లో అలా బతికినవాళ్ళ మొహాలు ఎలా ఉండేవో మనకి తెలీదు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా ఇళ్ళకి మొదటి ఫొటో సముద్రం అవతల నుంచి వచ్చింది. రంగం వెళ్ళినవాళ్ళు తీయించుకున్నది. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. మిల్లుల్లో, రేవులో పని కోసం ఓడెక్కి వేలకొద్దీ మగవాళ్ళు వెళ్ళారు. అక్కడి స్టూడియోలో కోటు తొడుక్కుని, గుడ్డ మీద వేసిన మేడ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఇంటికి పంపేవారు. 1942లో జపాను వాళ్ళు వచ్చిపడితే అడవులకి అడ్డంపడి నడిచి తిరిగొచ్చినవాళ్ళు కొందరు, రానివాళ్ళు కొందరు. మా తాతగారి తండ్రి రంగంలో తీయించుకున్న ఫొటో మా పెదనాన్నగారింట్లో ఇప్పటికీ ఉంది. ఆయన అక్కడుండగా ఇక్కడ పొలం చూసుకుని నలుగురు పిల్లల్ని పెంచినావిడ ఫొటో లేదు.

తర్వాత ఊళ్ళల్లోకి స్టూడియోలు వచ్చాయి. నల్లగుడ్డ కప్పిన స్టాండు కెమెరా, ఆ తర్వాత పైనుంచి తొంగిచూసే రెండు కళ్ళ యాషికా. ఒక రీలుకి పన్నెండు బొమ్మలు. ఎవరికీ రెండోసారి తీసే ప్రశ్నే లేదు. ఆ కెమెరా లెన్సు మామూలు చూపుది, తీసి మార్చడానికి లేదు. మొహం పెద్దగా రావాలంటే మూడడుగుల దాకా దగ్గరకి రావాలి. ఇప్పుడు ఆ గదిని ఊహించుకోండి. జీవితంలో ఎప్పుడూ పరాయి మగవాడికి ఎదురుగా నిలబడని ఇరవై ఏళ్ళ పిల్ల. రెండు పక్కలా మొహం మాడ్చే దీపాలు. మూడడుగుల దూరంలో ఫొటోగ్రాఫరు. "గెడ్డం పైకెత్తమ్మా, ఇటు చూడు, కదలకు." వెనక మామగారు. ఈ పెళ్ళిచూపుల ఫొటో సరిగా రాకపోతే సంబంధం పోతుందన్న భయం. నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

మామ్మ నవ్వు ఎక్కడికి పోయిందన్న దానికి నాకు దొరికిన సమాధానం ఇదే. ఆవిడ గంభీరమైన మనిషి కాదు. ఆ గదిలో ఆవిడకి చోటు లేదు.

అదే కాలంలో జపానులో జరిగిన ఒక సంఘటన చెప్తాను. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరు డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉన్నాడు. జున్ మికి అనే జపాను కుర్రాడు వెలుతురు సరిగా లేని చోట డంకన్‌ని సరదాగా ఒక ఫొటో తీశాడు. వాడింది నిక్కోర్ 85 మి.మీ., ఎఫ్ 2 లెన్సు. ప్రింటు తెచ్చి చూపిస్తే డంకన్ నమ్మలేకపోయాడు. అంత స్పష్టంగా ఉంది. వెంటనే ఆ ఫ్యాక్టరీకి వెళ్ళి చూసి, ఆ లెన్సులే కొనుక్కుని కొరియా యుద్ధానికి పట్టుకెళ్ళాడు. అతని ఫొటోలతో నికాన్ పేరు ప్రపంచమంతా తెలిసింది. యుద్ధంతో పేరొచ్చింది గానీ, మొదలు మాత్రం మామూలు గదిలో తీసిన ఒక మొహం. చిన్న కెమెరాకి 85 మి.మీ. లెన్సు తగిలిస్తే మూడడుగుల దగ్గరకి రానక్కర్లేదు. ఆరేడు అడుగుల దూరంలో ఉండగానే తలా భుజాలూ నిండుగా వస్తాయి.

దూరం వల్ల ఇంకో లాభం ఉంది. మీ ఫోనుతో మొహం దగ్గరగా పెట్టి తీసినప్పుడు ముక్కు లావుగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి కదా. "నేనిలా ఉంటానా" అని ఎంతమంది బాధపడుంటారో. అది మొహం తప్పు కాదు. కెమెరాకి ముక్కు దగ్గర, చెవి దూరం. అడుగు దూరంలో ఉన్నప్పుడు ఆ తేడా పెద్దది, ఏడెనిమిది అడుగుల్లో ఉన్నప్పుడు లెక్కలోకి రానంత చిన్నది. 2018లో అమెరికాలో కొందరు డాక్టర్లు లెక్కకట్టారు. 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల దూరంలో కనిపించే దానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ముక్కు బాగాలేదని ఆపరేషనుకి వచ్చేవాళ్ళకి చెప్పడానికి కట్టిన లెక్క అది. మనింట్లో పెరిగే ఆడపిల్లలకి కూడా చెప్పాల్సిన లెక్క. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు అడుగు దూరంలో నిలబడం కదా, మనల్ని నలుగురూ చూసే మొహం ఆ సెల్ఫీలోది కాదు.

మరి దూరం నుంచి తీసే లెన్సు అన్నివిధాలా మంచిదేనా అంటే, ఒక ఫొటో నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ అమ్మాయిది మీరూ చూసే ఉంటారు. 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకరీ తీశాడు. లెన్సు నిక్కోర్ 105 మి.మీ., ఎఫ్ 2.5. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వేశారు. ఆ కళ్ళు ప్రపంచమంతా తెలిసిపోయాయి. ఆ పిల్ల పేరు షర్బత్ గులా అని మాత్రం 2002 దాకా లోకానికి తెలీదు. అంతకుముందు ఆ అమ్మాయి ఒక్క ఫొటో కూడా దిగలేదు. తన మొహం అంత పేరుపడ్డ సంగతి తనకే తెలీదు. మంచి లెన్సు, గొప్ప ఫొటో, కానీ మొహం ఎవరిదో వాళ్ళకి అందలేదు. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. తీసే ముందు చెప్తాను, తీశాక మొదట వాళ్ళకే చూపిస్తాను, వద్దంటే అక్కడే చెరిపేస్తాను. ఇంట్లో అత్తగారైనా సరే, కూరలు తెచ్చే అమ్మాయైనా సరే.

ఇప్పుడు ఈ లెన్సు మన ఇళ్ళల్లో ఎలా పనిచేస్తుందో కాస్త చెప్తాను. నాది చిన్న సెన్సారు కెమెరా. దానికి 85 పెడితే సుమారు 130 మి.మీ. లెన్సులా ప్రవర్తిస్తుంది. నడుము దాకా తీయాలంటే పది అడుగులు వెనక్కి వెళ్ళాలి. అపార్టుమెంటు గదిలో గోడకి ఆనుకున్నా చాలదు. అలాంటి ఇళ్ళకి 50 మి.మీ. ఎఫ్ 1.8 మేలు, ధర కూడా తక్కువ. పెరడు, మండువా, పొడుగాటి వసారా ఉన్న మా ఊరి ఇళ్ళకి మాత్రం 85 భలే సరిపోతుంది. అత్తగారు వసారా ఈ చివర కత్తిపీట ముందేసుకుని ఆనపకాయ తరుగుతుంటే, నేను ఆ చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంటాను. మొదటి పది నిమిషాలు ఆవిడ పైట సర్దుకుంటారు. ఆ తర్వాత నేనున్నానన్న సంగతి మర్చిపోయి వంకాయల ధర గురించి పక్కింటావిడతో మాటల్లో పడతారు. అప్పుడు వచ్చే మొహం స్టూడియోలో ఎవరూ తీయలేరు.

కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు పొడుగ్గా లాగినప్పుడు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. అంటే వంటింటి వెలుగులో అది సెకనులో పదోవంతు తీసుకునే చోట ఇది వందోవంతులో తీసేస్తుంది. కదిలే చెయ్యి అలికినట్టు రాదు. ఫ్లాష్ అక్కర్లేదు, ముసలికళ్ళు చికిలించుకోనక్కర్లేదు. దీనికో ఇబ్బంది కూడా ఉంది. కిటికీ బార్లా తెరిచినప్పుడు స్పష్టంగా ఉండే లోతు బాగా తక్కువ. నా కెమెరాతో పది అడుగుల దూరంలో లెక్క కడితే మూడున్నర అంగుళాలు. కాబట్టి దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టాలి. అమ్మమ్మా మనవరాలూ కలిసి కూర్చుంటే ఎఫ్ 4 పెట్టాలి, అప్పుడు దాదాపు జానెడు లోతు వస్తుంది. ఇద్దరూ తలలు ఆనించి కూర్చుంటే సరిపోతుంది. పదిమంది గ్రూపుకి ఈ లెన్సు తీయనే తీయకండి, దాని పని అది కాదు.

ఎండ నేరుగా పడే చోట కూర్చోబెట్టకండి. పొద్దున్న ఎనిమిదింటికి వీధి అరుగు మీద నీడలో కూర్చుంటే ఆకాశం నుంచి వచ్చే మెత్తటి వెలుగు చాలు. తర్వాత తప్పకుండా ప్రింటు తీయించండి, ఒకటి కాదు, మూడు నాలుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ళ పైకప్పులూ పోయాయి. ఇలాంటి గాలివానల్లో గోడ మీది ఫొటోలు తడిసి గాజుకి అతుక్కుపోతాయి. విశాఖలో ఉన్న కూతురి దగ్గర ఒకటి, హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గర ఒకటి ఉంటే ఏ గాలివానా మొత్తం తీసుకుపోలేదు.

ఇంత చరిత్రా చెప్పి అసలు మాట చెప్పకపోతే ఎలా. పెద్దవాళ్ళు పోయినప్పుడు పెద్దకర్మ రోజుకి ఫొటో కావాలని ఇల్లంతా వెతుక్కోవడం మనకి తెలిసిందే. మగవాళ్ళకైతే ఏదో ఒక గుర్తింపు కార్డు ఫొటో దొరుకుతుంది. ఆడవాళ్ళకి ఏదో పెళ్ళి గ్రూపులోంచి మొహం కత్తిరించి పెద్దది చేయిస్తారు. మా అత్తగారి తల్లి ఫొటో అలాంటిదే. పక్కన ఇంకెవరిదో భుజం అలాగే ఉండిపోయింది, ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలీదు. దానికే దండ వేసి దీపం పెడతాం.

పెళ్ళి గ్రూపులో కూడా నిలబడనివాళ్ళు కొందరున్నారు. మా మేనత్త పందొమ్మిదో ఏట విధవరాలైంది. ఇప్పుడు డెబ్భై దాటాయి. మా ఇంటి ఏ పెళ్ళిలో అయినా వందమందికి వండివార్చిన చెయ్యి ఆవిడదే, ఒక్క పెళ్ళి ఫొటోలోనూ ఆవిడ లేదు. "రా అత్తా" అంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఆవిడ్ని ఎవరూ పొమ్మనలేదు. పిలిచేవాళ్ళ గొంతులో కూడా గట్టిదనం ఉండేది కాదు. ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఆవిడ ఫొటో ఏ ఇంట్లోనూ లేదు.

పోయిన సంక్రాంతికి ఆవిడ పెరట్లో గొబ్బెమ్మలకి బంతిపూలు తుంచుతోంది. నేను నూతిపళ్ళెం పక్కన నిలబడి, "అత్తా, ఫొటో తీయనా" అని అడిగాను.

"నా మొకానికి ఫొటో ఏటే గుంటా, పనేటీ లేదా నీకు" అంది.

వద్దని మాత్రం అనలేదు. పది అడుగుల దూరం ఉంది మా మధ్య. ఆవిడకి పిలుపు కాదు, కుర్చీ కాదు, గుమ్మం దాటడం కాదు, ఏమీ అక్కర్లేదు. పూలు తుంచుతూనే ఉంది. మా చిన్నాడు పరిగెత్తుకొచ్చి ఒక గొబ్బెమ్మని తొక్కేశాడు. "ఓరి నీ" అంటూ వాడి వైపు తిరిగి నవ్వింది. అప్పుడు తీశాను.

కెమెరా వెనక తెర మీద చూపిస్తే చాలాసేపు చూసింది. కొంగుతో తెర తుడిచి మళ్ళీ చూసింది. "మా అమ్మలా ఉన్నానే" అంది. ఆవిడ తల్లి అంటే మా మామ్మే, నాలుగిళ్ళకి వినపడేలా నవ్వే మామ్మ. ఆ నవ్వు ఎలా ఉండేదో నేను చూడటం అదే మొదటిసారి.

"దండ వెయ్యడానికి బాగుంటాది, దాచు" అంది చివర్లో. దండకి ఇంకా చాలా టైముంది, ముందు గోడకి పెడదామని చెప్పి నాలుగు ప్రింట్లు తీయించాను. ఒకటి మా హాల్లో పెళ్ళి ఫొటోల వరసలో ఉంది. ఒకటి ఆవిడ తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

మీ దగ్గర ఈ లెన్సు లేకపోయినా పరవాలేదు. ఫోనులో 2 ఎక్స్ అనో 3 ఎక్స్ అనో ఉంటే అది నొక్కి, నాలుగడుగులు వెనక్కి జరిగి, కిటికీ పక్కన వెలుతురులో తీయండి. ముందు మాత్రం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో తనదంటూ ఒక్క ఫొటో కూడా లేనివాళ్ళు ఎవరో లెక్కపెట్టండి. ఎక్కువసార్లు ఆ మనిషి వంటింట్లోనే దొరుకుతుంది.